అడుగున గులకరాళ్లు వేసినా బకెట్‌లో నీళ్లు దిగడం లేదు, పైన తెల్లటి పొర కడుతోంది

మిద్దెపై మునగ (నిజాంపేట) – మే 9

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగే. ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పాను. క్లుప్తంగా రాయండర్రా అని పిల్లల్ని తిట్టడమే కానీ, నాకెప్పుడూ అది చేతకాలేదు.

మాది సొంతిల్లు. కింద అద్దెకిచ్చి పైన మేముంటాం. రిటైరయ్యాక మిద్దె మీద తోట మొదలుపెట్టాను. ఇప్పటికి నలభై ఆరు మొక్కలు. ఇరవై లీటర్ల పెయింట్ బకెట్లు, గ్రో బ్యాగులు, మా అత్తగారి కాలం నాటి మట్టి కుండీలు ఆరు. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సమపాళ్లలో కలిపాను. నీళ్లు బాగా దిగాలని ప్రతి బకెట్ అడుగునా చిల్లులు పెట్టించి, రెండంగుళాల మందాన గులకరాళ్లు పరిచి, ఆపైన మట్టి నింపాను. ఆ రాళ్ల కోసం మా వారిని మూడుసార్లు తిప్పాను, అది వేరే కథ.

శివరాత్రి దాకా అంతా బాగుంది. ఎండలు ముదిరాక చిక్కుడు ఆకుల అంచులు కాగితం కాల్చినట్టు మాడిపోయాయి. తర్వాత బెండ, వంగ. పాలకూర మాత్రం ఏమీ పట్టనట్టు నవనవలాడుతోంది. చచ్చిపోయిన చిక్కుడు బకెట్ నిన్న బోర్లించి చూశాను. పైమట్టి పొడి. కింద నాలుగు వేళ్ల మందాన బురద, మురుగు వాసన. విచిత్రం ఏమిటంటే, దాని కిందున్న గులకరాళ్లు దాదాపు పొడిగా ఉన్నాయి! నీళ్లు దిగడానికని దారి వేస్తే, ఆ దారి పక్కనే నీళ్లు ఆగిపోయాయి.

గ్రో బ్యాగుల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. చెంబుడు నీళ్లు పోస్తే రెండు నిమిషాల్లో కింద కారిపోతాయి. గంట తర్వాత మొక్క తల వేలాడేస్తుంది.

ఇక తెల్లటి పొర. బకెట్లలో మట్టి పైన, మట్టి కుండీలకైతే బయటి గోడ మీద కూడా. గోరుతో గీకితే పొడి రాలుతుంది.

నర్సరీ అతను పొటాష్ లోపం అన్నాడు. మా చెల్లెలు దిష్టి అంది, ఎండుమిరపకాయలు కూడా తీసింది. పోసేవి బోరు నీళ్లు. మీటర్ పెడితే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, 1,080 చూపించింది. రోజూ సాయంత్రం కుండీకి లీటరు చొప్పున, కింద చుక్క కారకుండా లెక్కగా పోస్తాను, నీళ్లు వృథా చేయడం నాకు ఇష్టముండదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?

బీరపాదు (ఉప్పల్) – మే 9

అక్కా, నాకూ తెల్లగా వస్తుంది. గీకి పారేస్తాను, అంతే. బకెట్‌కి చెంచాడు ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేసి చూడండి, ఆకులు పచ్చబడతాయి. టెన్షన్ పడకండి.

మట్టి మనిషి (పటాన్‌చెరు) – మే 10

టీచర్ గారూ, ముందుగా ఒక మాట. ఎప్సం సాల్ట్ వేయొద్దు. ఉప్పు ఎక్కువై బాధపడుతున్న మొక్కకి ఇంకో ఉప్పు పెట్టినట్టవుతుంది. బీరపాదు తమ్ముడు ఏమీ అనుకోడని నమ్మకం.

నేను మట్టి పరీక్షల ల్యాబ్‌లో పని చేసి రిటైరయ్యాను. మా వైపు ఒక చిత్రం ఉంది. ఇటు హైదరాబాద్ దిక్కు గ్రానైట్ రాయి అరిగి అయిన ఎర్రనేల, అటు పడమర దిక్కు వెళ్లే కొద్దీ నల్లరేగడి. మా పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణంలో రెండు నేలలూ పక్కపక్కనే ఉంటాయి. ఒకే వాన పడుతుంది, ఎర్రనేల గంటలో తాగేస్తుంది, రేగడి తడిసి ఉబ్బి తలుపు మూసుకుంటుంది. ఇన్నేళ్లు చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, మట్టిలో నీళ్లు కిందికే పోతాయనుకోవడం దగ్గరే అందరం పొరపాటు పడతాం.

ప్రమిదలో వత్తి నూనెని పైకి లాగుతుంది కదా. వానలో నడిస్తే ప్యాంటు అంచు తడిసి, ఆ తడి మోకాలి దాకా ఎక్కుతుంది. మట్టి రేణువుల మధ్య సందులు కూడా అలాంటి వత్తులే. సందు ఎంత సన్నగా ఉంటే నీటిని అంత గట్టిగా పట్టుకుంటుంది. బడి పుస్తకాల్లో దీన్నే కేశనాళికల పాఠంలో చెప్తారు. భూమి కిందికి లాగుతుంది, మట్టి తన సందుల్లోకి లాగుతుంది. కొంచెం తడి ఉన్న మట్టిలో రెండోదే గెలుస్తుంది.

ఇప్పుడు మీ బకెట్ చూడండి. పైన సన్నటి సందుల మట్టి, కింద వేలు దూరేంత సందులున్న గులకరాళ్లు. మట్టి తన నీటిని వదిలి ఆ పెద్ద సందుల్లోకి ఎందుకు పంపుతుంది? పంపదు. రాళ్లకు ఆనుకున్న మట్టి పొర పూర్తిగా నిండి, ఇక పట్టుకోలేను అన్నప్పుడే చుక్క రాలుతుంది. అప్పటిదాకా ఆ నాలుగు వేళ్ల మందం బురదే. మీరు రాళ్లు వేయకపోయినా అడుగున ఆ బురద పొర ఉండేది, కానీ బకెట్ అట్టడుగున ఉండేది. రాళ్లు వేసి దాన్ని రెండంగుళాలు పైకి, మొక్క వేళ్ల దగ్గరికి ఎత్తి పెట్టారు. మీరు చూసిన పొడి రాళ్లు దిష్టి కాదు, భౌతికశాస్త్రం.

నమ్మకం కుదరకపోతే వంటింట్లో గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తీసుకోండి. పూర్తిగా తడిపి అరచేతిలో బల్లపరుపుగా పట్టుకోండి. కారడం ఆగాక, పిండకుండా నిలువుగా నిలబెట్టండి. మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, నీళ్లు అవే, ఎత్తు మారింది. అందుకే లోతు తక్కువ టబ్బుల్లో మొక్కలు త్వరగా కుళ్లిపోతాయి, పొడుగు బకెట్లలో తట్టుకుంటాయి.

గ్రో బ్యాగుల సమస్య వేరు. బాగా ఎండిన ఎరువు, కోకోపీట్ కుంచించుకుపోయి సంచి గోడ నుంచి విడిపోతాయి. వేలు పెట్టి చూడండి, చుట్టూ సన్నటి చీలిక కనిపిస్తుంది. మీరు పోసిన నీళ్లు ఆ చీలికలోంచి జారి, మట్టిని పలకరించకుండానే వెళ్లిపోతున్నాయి. సంచిని నీళ్లున్న టబ్బులో అరగంట కూర్చోబెడితే కిందినుంచి వత్తిలా పీల్చుకుని మళ్లీ ఉబ్బుతుంది. ఆ తర్వాత రెండు విడతలుగా, మధ్యలో పది నిమిషాలు ఆగి పోయండి.

తెల్లటి పొర అసలు విషయం. టీడీఎస్ 1,080 అంటే లీటరులో సుమారు ఒక గ్రాము కరిగిన లవణాలు. రోజుకో లీటరు చొప్పున ఫిబ్రవరి నుంచి వంద రోజులు పోశారనుకుందాం. ఒక్క బకెట్‌లో నూటెనిమిది గ్రాములు, అంటే దాదాపు ఇరవై టీ స్పూన్లు. మీ లెక్క ప్రకారం కింద ఒక్క చుక్కా కారలేదు. నీళ్లు ఆవిరై పోయాయి. ఉప్పు ఎక్కడికి పోతుంది? దానికి రెక్కలు లేవు. కొద్దిగా మొక్క తీసుకుంటుంది, మిగతాదంతా అక్కడే. పైపొర ఎండేకొద్దీ కింది తడి పైకి ఎక్కుతుంది, ఉప్పుని కూడా మోసుకొస్తుంది, నీరు గాలిలో కలుస్తుంది, ఉప్పు తెల్లగా మిగులుతుంది. మట్టి కుండీ గోడ కూడా వత్తే కాబట్టి బయటి వైపు తెల్లబడుతుంది. ప్లాస్టిక్ బకెట్‌కి ఆ దారి లేదు. ఉప్పునేలల్లో బోదెలు వేసి సాగు చేసే రైతులు విత్తనం గట్టు నెత్తి మీద పెట్టరు, పక్క వాలులో పెడతారు. కాలువ తడి గట్టు మీదికి ఎక్కి ఉప్పుని నెత్తి మీదే వదులుతుంది కనుక.

ఆ పొరలో సున్నం కూడా ఉండొచ్చు. గీకిన పొడి మీద నిమ్మరసం పిండండి. బుసబుసమని నురగ వస్తే సున్నం, అది పెద్దగా హాని చేయదు. నురగ రాకుండా నీళ్లలో చటుక్కున కరిగితే అది మొక్క వేళ్లని ఏడిపించే ఉప్పు.

ఇది మామిడికాయల కాలం కదా, మాగాయ పెట్టి ఉంటారు. ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఏమవుతుంది? ఊట ఊరుతుంది. ముక్కలో నీరంతా ఉప్పు బయటికి లాగేస్తుంది. మీ మొక్కల వేళ్లకు జరుగుతున్నదీ అదే. మట్టి తడిగానే ఉంటుంది, కానీ ఆ తడిని ఉప్పు పట్టుకుని వదలదు. అందుకే మొక్క నీళ్లలో నిలబడి దాహంతో వాడుతుంది. చిక్కుడు జాతి ఉప్పుకి అందరికంటే ముందు పడిపోతుంది, పాలకూర చాలా ఓర్చుకుంటుంది. మీ పోస్టులో అసలు సాక్ష్యం ఆ పాలకూరే.

ఒక అనుమానం మాత్రం మిగిలింది. చిక్కుడుకి మీ బోరు నీళ్లలో ఉన్న ఉప్పే ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ వంగ కూడా ఇంత త్వరగా అంచులు మాడ్చుకుందంటే ఎక్కడో లెక్క తప్పుతోంది. మీటర్ కుళాయి దగ్గర కాదు, మొక్కకి పోసే బకెట్‌లో పెట్టి చూడండి.

ఇరవై ఏళ్ల తోట (మల్కాజ్‌గిరి) – మే 10

సార్ చెప్పేది వినడానికి బాగుంది. మా అమ్మ కుండీల్లో పెంకు ముక్కలు వేసేది, నేనూ వేస్తున్నాను, నా మందార ఇంటి కప్పు దాటింది. ఇవన్నీ పుస్తకాల మాటలు.

మట్టి మనిషి – మే 10

చిల్లు మీద మట్టి కారిపోకుండా ఒక పెంకు ముక్క బోర్లించడం మంచిదే, మీ అమ్మగారు చేసింది అదే అయి ఉంటుంది. నేను వద్దనేది రెండంగుళాల పొరని. మందార గురించి నాకు వాదన లేదు. అది రాయి మీద కూడా పూస్తుంది.

మిద్దెపై మునగ – మే 11

సార్, దొంగ దొరికాడు. ఇంట్లోనే ఉన్నాడు.

పొద్దున్న మీరు చెప్పినట్టు మొక్కలకు పోసే నీలం బకెట్‌లో మీటర్ పెట్టాను. 1,620! కుళాయి దగ్గర 1,080 ఉన్నది మెట్లెక్కేలోపు ఎలా పెరిగింది అని మా వారిని అడిగితే, పేపర్ లోంచి తల ఎత్తకుండా, ‘ఆర్వో మెషిన్ నుంచి కారే నీళ్లు రోజూ నేనే పట్టి ఆ బకెట్‌లో పోస్తున్నాగా, వృథా ఎందుకని’ అన్నారు. నవంబరు నుంచి! పొదుపు విషయంలో మా ఇద్దరి జాతకాలు బాగా కలిశాయని మా అత్తగారు అనేవారు. ఆ పొదుపుకి చిక్కుడుపాదు బలైపోయింది.

నిమ్మరసం పరీక్ష చేశాను. మట్టి కుండీల గోడ మీది పొడి బుసబుసలాడింది. బకెట్‌లో పైపొర మాత్రం నురగ లేకుండా నీళ్లలో కరిగిపోయింది. స్పాంజి పరీక్షకి మా మనవడిని పిలిచాను, వాడు నాలుగుసార్లు చేయించుకున్నాడు.

ఇప్పుడు ఉన్న ఉప్పుని ఎలా వదిలించాలి? మట్టి మొత్తం మార్చే ఓపిక నాకు లేదు.

మట్టి మనిషి – మే 11

ఆర్వో మెషిన్ ఉప్పుని మాయం చేయదు, మంచి నీటిని ఒక పక్కకి తీసి మిగతా ఉప్పంతా కారే నీటిలోకి నెడుతుంది. అది ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి వాడుకోమని సార్‌కి చెప్పండి. పొదుపు పొదుపే.

మట్టి మార్చనక్కర్లేదు. ఉప్పు నీటితో వచ్చింది, నీటితోనే పోతుంది, కాకపోతే కిందినుంచి కారిపోయేలా పోయాలి. ముందు గులకరాళ్లు తీసేయండి. తర్వాత నగర సరఫరా మంజీరా నీళ్లు వచ్చే రోజు చూసుకుని, ఇరవై లీటర్ల బకెట్‌కి నలభై లీటర్లు పట్టించండి. ఒకేసారి గుమ్మరిస్తే నీళ్లు పెద్ద సందుల్లోంచి పరిగెత్తిపోతాయి, గడ్డల లోపలి ఉప్పు కదలదు. ఐదేసి లీటర్లు పోసి, గంట ఆగి, మళ్లీ పోయండి. ఆ గంటలో గడ్డల లోపలి ఉప్పు బయటి నీటిలోకి మెల్లగా వస్తుంది, తర్వాతి విడత దాన్ని తోసుకుపోతుంది. నలభై ఆరింటికీ చేయొద్దు, అన్ని నీళ్లు పోస్తే మీకు నిద్ర పట్టదు. బాగా దెబ్బతిన్న ఏడెనిమిదింటికి చాలు.

మిగతావి వాన మీద వదిలేద్దామనుకుంటారేమో, లెక్క చూడండి. అడుగు వెడల్పు మూతి ఉన్న బకెట్‌లో 10 మిల్లీమీటర్ల వాన పడితే చేరేది ముప్పావు లీటరు కూడా ఉండదు. నలభై లీటర్లు రావాలంటే వానాకాలం అంతా కావాలి. అదే వాన వంద చదరపు మీటర్ల మిద్దె మీద పడితే వెయ్యి లీటర్లు. మిద్దె పైపు కింద డ్రమ్ము పెట్టి, మొదటి వాన దుమ్ముని వదిలేసి, తర్వాతివి పట్టుకోండి. వాన నీటిలో లవణాలు దాదాపు ఉండవు, ఇంతకంటే మంచి మందు లేదు.

ఇలా కడిగినప్పుడు తిండి కూడా కొంత పోతుంది. ఇది చాలామంది మర్చిపోతారు. మట్టిలో బంకమట్టి రేణువులకి రుణావేశం ఉంటుంది. కాల్షియం, పొటాషియం, అమ్మోనియం ధనావేశం కలవి కాబట్టి ఆ రేణువులకు అతుక్కుని కొంత నిలుస్తాయి. నైట్రేట్, క్లోరైడ్ రుణావేశం కలవి, వాటిని పట్టుకునేవాళ్లు లేరు, నీరు ఎటు పోతే అటు పోతాయి. యూరియాకి ఏ ఆవేశమూ లేదు, అమ్మోనియంగా మారేదాకా అదీ నీటి వెంటే. అందుకే యూరియా చల్లి వెంటనే బకెట్ పొంగేలా నీళ్లు పోస్తే డబ్బు చిల్లులోంచి కారిపోయినట్టే. భాస్వరం సంగతి వేరు, మన ఎర్రమట్టిలోని ఇనుము దాన్ని పట్టుకుని కదలనివ్వదు. డీఏపీ (భాస్వరం ఉండే ఎరువు) పైన చల్లితే పైనే కూర్చుంటుంది, వేళ్ల దగ్గర కలపాలి. కడగడం అయిపోయాక రెండు గుప్పిళ్లు వర్మీకంపోస్టు వేసి, అది మట్టిలో కలిసేలా గోకండి.

ఇక నుంచి వారానికి ఒకసారైనా కిందినుంచి కొద్దిగా కారేదాకా పోయండి. ఆ కారిన నీళ్లు వృథా కాదు, ఉప్పుకి బస్ టికెట్ అనుకోండి.

కొత్తగా నేర్చుకుంటున్నా (బోడుప్పల్) – మే 12

సార్, ఒక డౌట్. మా అపార్ట్‌మెంట్‌లో ఇంకుడు గుంత తవ్వించారు. అందులో కింద పెద్ద కంకర, మధ్యలో చిన్న కంకర, పైన ఇసుక. మీరు చెప్పినదాని ప్రకారం ఇసుక నీళ్లని పట్టుకుని కంకరలోకి పంపకూడదు కదా? మరి అది ఎలా పనిచేస్తుంది?

మట్టి మనిషి – మే 12

ఈ థ్రెడ్‌లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది.

ఇంకుడు గుంతలో వాన నీళ్లు ఇసుక మీద మోకాలి లోతు నిలబడతాయి. ఇసుక సందులన్నీ నిండిపోతాయి, పైనున్న నీటి బరువు తోస్తుంది. అప్పుడు పట్టుకోవడానికి ఇసుకకి శక్తి ఉండదు, పెద్ద సందులే మంచి దారి. 1856లో ఫ్రాన్స్‌లో హెన్రీ డార్సీ అనే ఇంజనీరు, తమ ఊరు డిజోన్ నీటి సరఫరా గురించి రాసిన పుస్తకంలో ఇదే చెప్పాడు. ఇసుక నింపిన గొట్టంలో నీటిమట్టాల తేడా ఎంత ఎక్కువైతే ప్రవాహం అంత ఎక్కువ, ఇసుక పొర ఎంత మందమైతే అంత తక్కువ. అయితే అది నిండుగా తడిసిన ఇసుక లెక్క. సగం తడి మట్టి లెక్క అందుకోవడానికి 1907లో బకింగ్‌హామ్, 1931లో రిచర్డ్స్ అనే శాస్త్రవేత్తలు రావాల్సి వచ్చింది. టీచర్ గారి బకెట్ ఈ రెండో లెక్కలో ఉంటుంది, మీ గుంత వానరోజున డార్సీ లెక్కలో ఉంటుంది.

పై ఇసుక ఏడాదికోసారి మార్పించండి. ఒండ్రు పేరుకుంటే ఆ గుంత చెత్త తొట్టి అయిపోతుంది.

మిద్దెపై మునగ – మే 24

ఆలస్యానికి క్షమించండి. ఎనిమిది బకెట్లు కడిగాను, ఒక్కొక్కటీ ఒక పూట పట్టింది. మంజీరా నీళ్లు మీటర్‌లో 290 చూపించాయి. వంగ బకెట్ కిందినుంచి వచ్చిన మొదటి చెంబు నీళ్లు 5,100! టీ డికాషన్ రంగు. పది లీటర్లు పోశాక 2,600. నలభై పూర్తయ్యేసరికి 640. మా మనవడు నోట్‌బుక్‌లో గీతలు గీసి మరీ రాశాడు. వంగ కొత్త చిగురు వేసింది, అంచులు పచ్చగా ఉన్నాయి. పాత ఆకులు మాత్రం అలాగే మాడి ఉన్నాయి, అవి ఇక కోలుకోవనుకుంటాను.

గ్రో బ్యాగుల్లో చీలిక నిజంగానే ఉంది. నా చిటికెన వేలు పట్టింది.

మా వారు ఇప్పుడు ఆర్వో నీళ్లతో స్కూటర్ కడుగుతున్నారు. రోజూ.

మట్టి మనిషి – మే 24

ఆకుల గురించి మీరన్నది నిజమే. మాడినవి తీసేయండి.

ఒక్కటి అడగడం మర్చిపోయాను. ఆ 5,100 నీళ్లు ఎటు పోయాయి? మిద్దె పైపు మీ ఇంట్లో ఎక్కడికి వెళ్తుంది?

మిద్దెపై మునగ – మే 25

సార్... ఇంటి ముందున్న ఇంకుడు గుంతలోకి. దానికి పన్నెండు అడుగుల దూరంలో మా బోరు.

మట్టి మనిషి – మే 25

అదే భయపడ్డాను. మట్టి బురదని ఆపుతుంది, కొంతవరకు క్రిముల్నీ ఆపుతుంది. కరిగిన ఉప్పుని, నైట్రేట్‌ని ఆపలేదు. మన కింద మొరం, ఆ కింద గ్రానైట్ పగుళ్లు. పగులు దొరికిందంటే అక్కడ వడపోత కూడా ఉండదు. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం, అది మరగబెట్టినా పోదు. ఎనిమిది బకెట్ల నీటితో కొంప మునిగిపోదు కానీ, ప్రతి నెలా ఇదే చేస్తే మీరు కడిగిన ఉప్పు తిరిగి మీ కుళాయిలోకే వస్తుంది. పైపుకి ఒక అడ్డదారి పెట్టించండి. కుండీలు కడిగే రోజు డ్రైనేజీలోకి, వాన రోజు గుంతలోకి.

మిద్దెపై మునగ – మే 26

ప్లంబర్‌తో మాట్లాడాను. టీ ఆకారపు పైపు ముక్క ఒకటి, రెండు వాల్వులు వేస్తే సరిపోతుందట. శుక్రవారం వస్తానన్నాడు. ఏ శుక్రవారమో చెప్పలేదు. అప్పటిదాకా మిగతా కుండీలు కడగడం ఆపేశాను.